ఎడమ కాలు, మూడో మూత

ములకలపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే ప్రాజెక్టు గట్టు. రెండువేల ఎనిమిది, జూలై నెల, పొద్దున్నే. నీళ్ళ మీద దిగే విమానాలు నడిపిన కెప్టెన్ భానుమూర్తి జేబులో మడతపెట్టిన కాగితం ఒకటుంది. అది బయటికి తీయడానికి మొహం చెల్లక, ఒకప్పుడు తన దగ్గర హెల్పరుగా చేసిన బొజ్జయ్యని ఆ పెద్దమనిషి అరగంట నుంచీ చేపల గురించి అడుగుతున్నాడు.

"అయితే బొచ్చెలు బాగానే పడుతున్నాయన్నమాట."

"పడ్తయ్ సార్. మీరిది మూడోసారి అడుగుడు."

"అడిగానా?"

"అవ్. బొచ్చెలడిగిండ్రు, జెల్లలడిగిండ్రు, మళ్ళ బొచ్చెల కాడికే వచ్చిండ్రు. మీరు చేపలు తినరు గద సార్. క్యాంపుల మా ఆదెమ్మ పులుసు కాస్తే వాసనకే ముక్కు మూసుకుంటిరి."

"ఆదెమ్మ ఎలా ఉంది?"

"మీ ఎనకనే నిలబడి ఉన్నది."

"దండం సారు. నేనెట్లుంటే ఏంది గని, మీరు గీడిదాకా ఎందుకొచ్చిండ్రో అది చెప్పుండ్రి ముందుగాల."

"ఏయ్ ఆదెమ్మా, సారుకు చాయ్ పెట్టుపో."

"పాలు లేవు."

"నల్లచాయ్ పెట్టు."

"చక్కెర గూడ లేదు. నిన్ను పనిల కెళ్ళి తీసేసిన దినం చాయ్ తాగిపొమ్మన్నరా ఎవలన్న?"

"వద్దులే బొజ్జయ్యా, ఆవిణ్ణేమీ అనకు. ములకలపల్లిలో తాగే వచ్చాను."

"జీపేది సార్?"

"రోడ్డు మీద వదిలేశాను. నడిచొచ్చాను."

"రెండు కిలోమీటర్లు, గీ బురదల?"

"నడవాలనిపించింది. అదిసరే, అదేంటది, నీళ్ళ మీద? పంటులా ఉందే."

"పంటే సార్. గుర్తుపట్టలే?"

"లేదే."

"మంచిగ చూడుండ్రి. మన విమానం కాళ్ళు."

"ఫ్లోట్లా!"

"మీరు ఫ్లోట్లంటరు, మేం కాళ్ళంటం. కంపెనోళ్ళు ఇంజను పట్కపోయిండ్రు, రెక్కలు పట్కపోయిండ్రు, కుర్చీలు గూడ ఇప్పుకపోయిండ్రు. గీ రెండు కాళ్ళు లారీల పట్టలే. బురదల పడేసి పోయిండ్రు. నేను మీదికెళ్ళి వెదురుబొంగులు అడ్డం గట్టి, తడక పరిచిన. పదిమంది నిలబడ్డా ఏం గాదు."

"ఎవరెక్కుతారు దీని మీద?"

"ఎవలెక్కరు? అవతలి గూడెపోళ్ళు, సంతకు పోయేటోళ్ళు, జ్వరమొస్తే దవాఖానకు పోయేటోళ్ళు. మన ప్రమీల టీచరమ్మ గూడ."

"ప్రమీల గారు ఇంకా ఇక్కడే చేస్తున్నారా?"

"ఎక్కడికి పోతది సార్. బడి అవతలి ఒడ్డున, ఇల్లు ఇవతల. రోజు ఎనిమిదింటికి వస్తది. నేనే దాటిస్త."

"కాలు... నయమైందా ఆవిడకి?"

"తుంటి బొక్క సార్, విమానం బోర్లపడ్డనాడు ఇరిగింది. అతికింది గని కుంటుతది. కట్టె పట్టుకొని వస్తది."

"ఎనిమిదింటికన్నావా?"

"అవ్. ఇంక అరగంట లేదా?"

"ఇరవై నిమిషాలుంది."

"గడియారం దిక్కు గట్ల చూస్తున్నరేంది సారు? టీచరమ్మ ఎదురైతే ఏమైతది? మిమ్మల్ని చూస్తే ఆమె మొక్కుతది. ముఖం దాచుకుని తిరిగేది మా ఆయన గని మీరు గాదు గద."

"ఆదెమ్మా!"

"ఏంది ఆదెమ్మ? అబద్ధమాడుతున్ననా? ఇనుండ్రి సారు. ఆర్నెల్లాయె. పొద్దుగాల దాటిస్తడు, సాయంత్రం దాటిస్తడు. ఒక్కనాడన్న తలెత్తి ఆమె ముఖం దిక్కు చూసిండా అడుగుండ్రి. తెడ్డు దిక్కు చూస్తడు, నీళ్ళ దిక్కు చూస్తడు. ఆమె గట్టెక్కి పోయినంక అప్పుడు చూస్తడు, ఎనకకెళ్ళి, ఆ కుంటుడు."

"ఆవిడేమైనా అంటుందా బొజ్జయ్యా నిన్ను?"

"ఒక్క మాట అనదు సార్. అంటే మంచిగుండు. పంటు ఎక్కేముందు ఒక్కటే అడుగుతది, 'బొజ్జయ్యా, మూతలన్నీ చూసినవా?' అని. చూసిన మేడం అంట. గంతే."

"రోజూ అడుగుతుందా?"

"రోజు."

"మరి, ఆ టూరిస్టు లాంచీ ఉద్యోగం ఏమైంది? నీకే వస్తుందని విన్నాను."

"రాలే సార్. పిలిచిండ్రు, పోయిన. పేరడిగిండ్రు, చెప్పిన. 'ఓహో, విమానం ముంచినోడివి నువ్వేనా' అని ఒకలి ముఖం ఒకలు చూసుకున్నరు. లేచి వచ్చేసిన."

"నువ్వు కాదని చెప్పొద్దూ?"

"ఏమని చెప్పాలె సార్? మీ రిపోర్టుల ఉన్నది గద."

"నేను రాసింది నువ్వు ముంచావని కాదు బొజ్జయ్యా. ఎడమ ఫ్లోటు మూడో గదిలో పంపుకి నీళ్ళు రావట్లేదన్న సంగతి హెల్పరు నాకు చెప్పలేదు అని. అంతే రాశాను."

"రెండింటికి ఫరక్ ఏముంది సార్? ఆ గది నిండా నీళ్ళున్నయ్. లేచేటప్పుడు ఆ దిక్కు ఒరిగింది, రెక్క నీళ్ళకు తగిలింది, బోర్లపడ్డది. చెప్పకపోతే ముంచినట్టే గద."

"చెప్పినవయ్యా! చెప్పిననని ఆ దినం తడిబట్టలతోని వచ్చి నాతోని ఏడ్చుకుంట అనలే?"

"నువ్వు ఆడ లేవు, ఊకో."

"నేను లేకుంటేంది, నీకు నోరున్నది గద!"

"గదే తెలుస్తలేదే నాకు, నోటితోని అన్ననో, లోపట అనుకున్ననో."

"అదేంటి బొజ్జయ్యా, అన్నావో లేదో నీకు తెలియకపోవడమేంటి?"

"అన్ననని యాదికున్నది సార్. మూత తీసిన, పంపు పెట్టిన, పది గుంజుళ్ళు గుంజిన. చుక్క రాలే. 'ఎడమ కాలు, మూడు, ఉత్తదే సార్' అన్న. మీరు బొటనవేలు లేపి చూపిస్తిరి. ఇదంత నాకు కండ్ల ముంగట ఆడుతది. కాని మీరు చెప్పలేదని రాసిండ్రు. మీకు మతిమరుపు లేదు. ఏ మొద్దు ఏ దినం కొట్టుకొచ్చిందో గూడ చెప్తరు. మరి మీరే చెప్పలేదంటే నేనెక్కడో తప్పు యాదికి తెచ్చుకుంటున్న."

"ఆ రోజు... కెమెరా వాళ్ళు, దండలు, మైకులు, ఒకటే గోల. ఒకవేళ నాకు వినపడలేదేమో."

"ఏందన్నరు సార్?"

"అదే. గోలలో వినపడి ఉండకపోవచ్చు."

"వినపళ్ళేదంటే... నేను చెప్పినట్టే గద సార్?"

"అలా అని కాదు."

"చెప్పినట్టే గద! ఆదెమ్మా, విన్నవా?"

"అలా అనలేదు బొజ్జయ్యా. నాకు గుర్తున్నంతలో నువ్వు చెప్పలేదనే."

"అవునా సార్."

"నాకు గుర్తున్నంతలో."

"మీకు గుర్తున్నదే ఖాయం సార్. ఇగ నాది ఇడిచిపెట్టుండ్రి."

"ఎట్ల ఇడిచిపెడ్తవ్? సారూ, నాకొక్కటి చెప్పుండ్రి. ఈయనకు పంపు కొట్టుడు నేర్పింది మీరే గద?"

"నేనే నేర్పాను."

"ఉత్తదైతే ఏమైతదో చెప్పింది గూడ మీరే గద?"

"ఆదెమ్మా, సారును పట్టి అడుగుడేంది? నేను చెప్త. మొదటి దినమే చెప్పిండు. ఎంత మంచి కాలైనా రాత్రి నీళ్ళల ఉంటే ప్రతి గది ఒక గుక్కెడన్న తాగుతది. నాలుగు గుంజుళ్ళకు నీళ్ళొచ్చి ఆగితే బేఫికర్. అస్సలు రాలేదంటే ఎండిందనుకోవద్దు. లోపట పైపు విరిగుంటది, గాలి గుంజుతున్నవ్, కింద గది నిండి ఉన్నది. గా గదికి భయపడాలె. ఆగాలె. మూత ఇప్పి చెయ్యి పెట్టి చూడాలె. గంతే గద సార్?"

"అంతే."

"ఇంకొకటి గూడ చెప్పిండ్రు."

"ఏంటది?"

"'నువ్వు చెప్పిన మాట నేను తిరిగి నా నోటితో చెప్పాలి. నేను తిరిగి చెప్పకపోతే నువ్వు చెప్పనట్టే లెక్క. మళ్ళీ చెప్పు. నేను పలికేదాకా చెప్పు.' గీ మాట మీదే గద?"

"నాదే."

"ఆ దినం మీరు బొటనవేలు చూపించిండ్రు గని నోటితోని తిరిగి చెప్పలే. నేను మళ్ళ చెప్పలే. మీ లెక్కల చూస్తే నేను చెప్పనట్టే. తప్పు నాదే."

"ఎందుకు మళ్ళీ చెప్పలేదు బొజ్జయ్యా?"

"ఇప్పుడడుగుతున్నరా సార్?"

"అడగాలనే అడుగుతున్నా."

"సిగ్గైంది సార్. మీ చుట్టూత ఓనరు, ఆయన భార్య, తెల్లబట్టలోళ్ళు, ఫోటోలు దిగుతున్నరు. నా చేతులకు గ్రీజు, ఒంటి మీద బనీను. ఒకసారి అన్నదానికే ఓనరు నా దిక్కు గుర్రుగ చూసిండు. మళ్ళ అంటే ఏమనుకుంటరో అని నోరు మూసుకున్న. గా ఒక్క మాటకు సిగ్గుపడ్డ. ఇప్పుడు రోజు పడుతున్న. అయినా మీకాడ పనిచేసింది ఏడాదే గని చానా నేర్చుకున్న సార్. మొద్దు సంగతి యాదికున్నదా? గింత మొద్దు, నా మోచెయ్యంత. అది తేలిందని లీడరును ఎక్కినోణ్ణి ఎక్కినట్టే దించేసిండ్రు."

"దించేశాను. ఎంత తిట్టాడో ఆ రోజు."

"గాలి లేని దినం నీళ్ళు అద్దం లెక్క ఉంటయ్ గద, పైకెళ్ళి చూస్తే నీళ్ళెక్కడున్నయో అందదని, నన్ను పడవేసుకుని గుండ్రంగ తిరగమనేటోళ్ళు. నేను నీళ్ళు కదిపితే అప్పుడు దిగేటోళ్ళు. గూడెపోళ్ళంత నవ్విండ్రు, బొజ్జయ్య విమానానికి ముగ్గు వేస్తున్నడని."

"నువ్వు కదిపిన చోటే దిగేవాణ్ణి. ఒక్కసారి కూడా తేడా రాలేదు."

"అంత జాగ్రత్త మనిషి. అందుకే అంటున్న, మీరు వింటే ఆగకుండ ఎందుకుంటరు? వినలే కాబట్టే పోయిండ్రు. నేను చెప్పలే కాబట్టే వినలే. ఎట్ల తిప్పి చూసినా నా కాడికే వస్తుంది సార్."

"బొజ్జయ్యా, ఇంక చాల్లే."

"అవ్, పొద్దుపోతుంది. సార్, మీరు వేరే పని మీద వచ్చిండ్రు గద? చెప్పుండ్రి."

"చిన్న కాగితం ఒకటుంది."

"చూసినవా! నేను చెప్పలే? జీపు రోడ్డు మీద పెట్టి దొంగ లెక్క నడిచొచ్చినప్పుడే అనుకున్న."

"నువ్వు ఊకో అన్న. ఏం కాయితం సార్?"

"నా లైసెన్సు ఆపేశారు బొజ్జయ్యా. సోమవారం ఆఖరి విచారణ. నా రిపోర్టు ఒక్కటే చాలదట, హెల్పరు కూడా తన నోటితో ఒప్పుకున్నట్టు సంతకం కావాలట. నువ్వు పెడితే లైసెన్సు తిరిగిచ్చేస్తారు. లేకపోతే పోయినట్టే. నాకు యాభై ఆరేళ్ళు. ఇప్పుడు పోతే మళ్ళీ రాదు. నాకింకో పని చేతకాదు."

"గిదేనా సార్?"

"ఇదే."

"గింత దానికి అరగంట సేపు చేపలడిగిండ్రా? ఇటియ్యుండ్రి. పెన్నున్నదా?"

"ఉంది. ఇదిగో. ఇక్కడ, చివర్న. పేరు రాస్తే చాలు."

"పెట్టకయ్యా! పెట్టినవంటే ఇగ ఈ జన్మల కడుక్కోలేవు."

"ఇప్పుడు మాత్రం కడిగి ఉన్నదా? ఆయన పనన్న నిలబడనియ్. సార్, ఒక్క నిమిషం గని."

"ఏమైంది?"

"టీచరమ్మను రానియ్యుండ్రి. ఆమె చదివి చెప్పినంక పెడ్త."

"ఆవిడెందుకు మధ్యలో? అందులో ఏముందో నీకు తెలుసుగా. కావాలంటే నేను చదువుతాను."

"మీ మీద నమ్మకం లేక కాదు సార్. నాకు సంతకం నేర్పింది ఆమెనే. అంతకుముందు అన్నిటికి వేలిముద్రలే. నేర్పిన దినం ఒట్టు పెట్టించుకున్నది, 'నేను చదివి చెప్పంది ఏ కాయితం మీద సంతకం పెట్టొద్దు బొజ్జయ్యా' అని. తుంటి విరిగినంక గూడ ఆ మాట తప్పలే నేను. గదొక్కటన్న మిగలనియ్యుండ్రి."

"నాకు కాస్త తొందరుంది."

"అగో, వస్తనే ఉన్నది. మీ ఎనక, టేకుచెట్ల కాడ."

"బొజ్జయ్యా, ఆ కాగితం ఇటివ్వు. సాయంత్రం పెడుదువుగాని."

"ఎవరది? కెప్టెన్ గారా! అయ్యో, ఎన్నాళ్ళకి! ఏంది బొజ్జయ్యా, కెప్టెన్ గారొస్తే కబురైనా చెయ్యొద్దా?"

"నమస్కారం టీచర్ గారూ. బాగున్నారా?"

"మీ దయవల్ల నడుస్తున్నా సార్. నిజంగా మీ దయే. మా పిల్లలకి ఇప్పటికీ చెప్తుంటా ఆ సంగతి. ఎక్కించగానే కళ్ళు మూసుకోమన్నారు, చేత్తో తడిమి తలుపు గడియ పట్టుకోమన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాకేమో నవ్వొచ్చింది. నాలుగోసారి నీళ్ళలో తలకిందులుగా వేలాడుతూ తడిమాను. దొరికింది. మీరు అంత జాగ్రత్త మనిషి కాకపోతే నేనీపాటికి ఫోటోలో ఉండేదాన్ని."

"అలా అనకండి."

"అంటాను సార్. మీ జాగ్రత్తే నన్ను బయటేసింది. తప్పు చేసినవాళ్ళ సంగతి వదిలేయండి, పాపం, తెలియక చేస్తారు."

"మేడం, మీరు ఒక కాయితం చదవాలె."

"ఏం కాగితం? ఇటివ్వు."

"టీచర్ గారూ, అది పెద్ద విషయమేం కాదు. తర్వాత చూద్దురుగాని, పిల్లలు ఎదురుచూస్తుంటారు."

"నిమిషం పని సార్. 'నేను, సోడె బొజ్జయ్య, ఫ్లోటు హెల్పరును, నా ఇష్టపూర్వకంగా తెలియజేయునదేమనగా, ప్రమాదం జరిగిన రోజు ఉదయం ఎడమ ఫ్లోటు మూడవ గదిలో పంపుకు నీళ్ళు రావడం లేదన్న విషయాన్ని నేను కెప్టెన్ గారికి నోటితో గాని సైగతో గాని తెలియజేయలేదు.' ఇంతే ఉంది. అర్థమైందా బొజ్జయ్యా?"

"అర్థమైంది మేడం."

"నిజమేనా ఇది?"

"సారు నా మాట తిరిగి చెప్పలే మేడం. తిరిగి చెప్పకపోతే నేను చెప్పనట్టే."

"నేనడిగింది అది కాదు. నిజమేనా?"

"సారు నిజమంటున్నడు."

"కెప్టెన్ గారు అబద్ధం రాసే మనిషి కాదు బొజ్జయ్యా. నాకు తెలుసు. నిజమైతే సంతకం పెట్టు. తప్పు ఒప్పుకుంటే చిన్నతనమేం లేదు. ఒప్పుకోకుండా తలొంచుకు తిరగడమే చిన్నతనం. కదా సార్?"

"పెడ్త మేడం. కాని ముందుగాల పంటు చూస్త. అవతల పిల్లలు ఒడ్డుకొచ్చి నిలబడ్డరు. చేతులకు గ్రీజైతది, అయినంక కడుక్కొని పెడ్త. కాయితం మీకాడ ఉంచుండ్రి."

"కానియ్. మూతలన్నీ చూడు."

"చూస్త మేడం."

"సారూ, గిప్పుడు చూడుండ్రి తమాషా. రోజు ఇదే. ఒక్కొక్క మూత తీసుడు, పంపు కొట్టుడు, గట్టిగ చెప్పుడు. ఎవలకు చెప్తడో తెల్వదు. నీళ్ళకు చెప్తడు. గూడెపోళ్ళు నవ్వుతరు, పిచ్చిలేసిందని."

"కుడి కాలు, ఒకటి, నాలుగు గుంజుళ్ళు!"

"కుడి ఒకటి, నాలుగు. ఏమైంది బొజ్జయ్యా, ఆగావేం?"

"ఏం లేదు సార్. మీరు తిరిగి చెప్పిండ్రు."

"అలవాటు. నోటికి దానంతటదే వచ్చింది. కానివ్వు."

"కుడి కాలు, రెండు, మూడు గుంజుళ్ళు!"

"కుడి రెండు, మూడు."

"కుడి కాలు, మూడు, అయిదు!"

"కుడి మూడు, అయిదు."

"కుడి కాలు, నాలుగు, రెండు గుంజుళ్ళు! మూతలు ముట్టి చూసిన, బిగుతు ఉన్నయ్."

"కుడి నాలుగు, రెండు. మూతలు బిగుతు."

"అబ్బ, ఇన్నాళ్ళకు ఈయనకు బదులు పలికే గొంతు దొరికింది."

"ప్రతి మాటా ఇలా తిరిగి చెప్తారా కెప్టెన్ గారూ?"

"చెప్పాలి టీచర్ గారూ. విన్నట్టు అవతలివాడికి తెలియాలి."

"ఎంత మంచి పద్ధతి! మా పిల్లలకి కూడా పెడతాను. ఆ రోజు కూడా ఇలాగే అన్నీ తిరిగి చెప్పారా?"

"ఎడమ కాలు, ఒకటి, నాలుగు గుంజుళ్ళు!"

"ఎడమ ఒకటి, నాలుగు."

"ఎడమ కాలు, రెండు, ఆరు! జర ఎక్కువున్నయ్ సార్, రాత్రి వానకు."

"ఎడమ రెండు, ఆరు. వాన నీళ్ళు."

"ఎడమ కాలు..."

"బొజ్జయ్యా, ఆ మూడోది వదిలెయ్. దాని పైపు విరిగే ఉందిగా ఇంకా?"

"విరిగే ఉన్నది సార్. తర్వాత చెయ్యి పెట్టి చూసిన, సగం కాడ తెగి ఉన్నది. రోజు మూత పెద్దది ఇప్పి చెంబుతోని తోడుత."

"మరి పంపెందుకు దానికి? తోడేస్తే సరిపోతుందిగా."

"పెట్టాలె సార్. ఒక్క మూత ఇడిచిపెడితే రేపు ఇంకోటి ఇడిచిపెడ్త. మీరన్నదే. ఒకటి, రెండు... ఎనిమిది, తొమ్మిది, పది. ఎడమ కాలు, మూడు, ఉత్తదే సార్!"

"ఏందీ, తిరిగి చెప్పట్లేదేం కెప్టెన్ గారూ? మిగతావన్నీ చెప్పారుగా."

"సారుకు గొంతు పట్టిందేమో మేడం."

"సారూ, ఏమైంది? ముఖం గట్లయిందేంది? కూసోండ్రి, గీ రాయి మీద."

"బొజ్జయ్యా."

"సార్?"

"ఆ రోజు నేను బొటనవేలు చూపించింది దేనికనుకున్నావు?"

"సరే అన్నట్టు అనుకున్న సార్."

"ఏ మాటకి సరే అన్నట్టు?"

"తెల్వదు సార్. ఫోటోకేమో అనుకున్న తర్వాత."

"నోటితో తిరిగి చెప్తే ఆగాలి. ఆగితే ఓనరు ముందు మూత విప్పాలి. ఆ వారంలో అప్పటికే రెండుసార్లు ఆపేశాను. మూడోసారి ఆపితే 'నువ్వు ముసలాడివైపోయావు, ఇంటికి పో' అంటాడు. నోరు తెరవకపోతే..."

"కెప్టెన్ గారూ, మీరేమంటున్నారు? నాకర్థం కావట్లేదు."

"మళ్ళ చెప్పాల్నా సార్? ఆ దినం రెండోసారి చెప్పలే, ఇయ్యాల చెప్త. ఎడమ కాలు, మూడు..."

"అక్కర్లేదు బొజ్జయ్యా. టీచర్ గారూ, ఆ కాగితం చింపెయ్యండి. ఎడమ కాలు, మూడు, ఉత్తదే. ఆ రోజు నువ్వు మొదటిసారి చెప్పినప్పుడే విన్నాను."